నూట తొంభై వోల్టులు

మిర్చి టిక్కీ అంత బరువుండేది.
తూచామొకసారి, కారం మిల్లు కాటా మీద:
నలభై ఒక్క కిలోలు, చక్రాలు కాక.
మోసుకొచ్చిన హమాలీ తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ
"ఘాటన్నా లేదు, ఎందుకయ్యా ఇంత బరువు" అన్నాడు.

లోపల నాలుగు గాజు వాల్వులు.
స్విచ్చి వేయగానే పలికే రకం కాదు.
ముందు నారింజ రంగు, నిద్రలేచిన కంట్లో జీరలా.
తర్వాత దుమ్ము కాలే వాసన.
ఆ తర్వాతెప్పటికో సన్నటి హుం.
అప్పుడు మీటాలి తీగ.
అంతకుముందే మీటితే ఖాసింపీరా తిట్టేవాడు:
"అన్నం ఉడక్కముందే విస్తరేస్తావేంరా?"

ఖాసింపీరా తిన్న షాకులకి లెక్కలేదు.
ప్లగ్గు పీకినా కండెన్సర్లో కరెంటు నక్కి ఉంటుందని
ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని
కుడిచేత్తోనే రిపేరు చేసేవాడు.
వాల్వులు దొరక్కపోతే
చచ్చిన రేడియోల పొట్టలు వెతికేవాడు.
మొన్న వానల్లో పోయాడు.
పోయేముందు ఒక జత, పత్తిలో చుట్టి
బిస్కట్ల డబ్బాలో పెట్టిచ్చాడు.
"ఇవి కూడా పోతే ఇక లేవురా."
ఆ డబ్బా మూత నేనింకా తియ్యలేదు.

బ్రాడీపేట నుంచి హెప్సిబా వచ్చింది,
ఆదివారాలు చర్చిలో గిటారు వాయించే పిల్ల.
చేతిలో పెట్టె, టిఫిన్ క్యారేజీ కంటే చిన్నది.
"అంకుల్, ఇందులో మూడొందల యాంప్లున్నాయి."
మూడొందలు ఇంటూ నలభై ఒకటి
మనసులోనే వేసుకున్నాను.
ఏ హమాలీకైనా కళ్లు తేలిపోతాయి.
"మీదొక్కటే లేదు. కాపీ తీస్తాను,
ఇది పోకముందే."

స్పీకరుకి జానెడు దూరంలో మైకు పెట్టింది.
పెట్టె కూసింది, కీచుమంది, గొణిగింది.
వీపు మీద వేళ్లతో తట్టి వినే డాక్టర్లా
నా యాంపుని ఒళ్లంతా తట్టి చూసింది.
సరిగ్గా అప్పుడే
పక్క కారం మిల్లులో మోటారు వేశారు.
ఫ్యాను మెల్లబడింది. ట్యూబులైటు కన్నుకొట్టింది.
వాల్వులు మసకేశాయి.
నూట తొంభై.
మీటరు చూడక్కర్లేదు,
ముప్పయ్యేళ్లు ఆ గోడకి వీపానించి వాయించినవాణ్ణి.
"మళ్లీ తియ్యమ్మా" అనబోతే
ఇద్దరికీ తుమ్ములు.

కళ్లు మూసుకోమంది.
ఒకసారి ఇది, ఒకసారి అది.
"ఇదిగో, ఇదీ నాది!" అన్నాను రొమ్ము విరుచుకుని.
కళ్లు తెరిస్తే
నా వేలు టిఫిన్ పెట్టె వైపుంది.

సిగ్గుపడలేదంటే అబద్ధం.
రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే అర్థమైంది
ఎక్కడ మోసపోయానో.
దాని గొంతులో మిల్లుంది.
ఆ నీరసం, తీగ సాగదీస్తే
ముదురు పాకంలా ఆలస్యంగా పైకి తేలడం,
నా యాంపుకి ఎండాకాలం మధ్యాహ్నాల్లో
మాత్రమే వచ్చే గొంతది.
మిల్లు కట్టేశాక, కరెంటు నిండుగా ఉన్నప్పుడు వినాలి:
బిరుసుగా, కోపంగా, వేరే మనిషిలా ఉంటుంది.
వానరోజు ఇంకోలా.
ఈ పిల్ల పెట్టెలో మాత్రం
ఎప్పటికీ ఆ మంగళవారం, మూడుంబావు.
ఏ ఊళ్లో వాయించినా ఆ మోటారు తిరుగుతూనే ఉంటుంది,
రేపు మిల్లు మూసేసినా సరే.

ఇది గొప్పా, అది గొప్పా అని అడక్కండి.
ఒకటి రోజుకో మాట మార్చే ముసలాడు,
ఒకటి వాడి ఫోటో.
ఫోటోకి మోకాళ్ల నొప్పులుండవు, నాకున్నాయి.

అందుకే మొన్న బెజవాడ ప్రోగ్రాముకి
పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను,
మంగళగిరి దాటేదాకా కునుకు.
స్టేజీ మీద స్విచ్చి వేసి
రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డాను.
"అంకుల్, అది ఎప్పుడో రెడీ" అంది హెప్సిబా.
తెలుసు.
అరచెయ్యి ఆనించి చూశాను, చల్లగా ఉంది.
రెండో చెయ్యి
ఎప్పుడెళ్లిందో జేబులోకి.
తీసి, తీగ మీద పెట్టాను.